పాలపన్ను ఊగుతోందని పాప అన్నం మానేస్తే

మీ పాపకు ఆరేళ్ళు నిండాయి, కింది ముందు పన్ను ఊగుతోంది, దాని వెనకే కొత్త పన్ను పొడుచుకొచ్చింది, నోరు తెరవమంటే ఏడుపు, డాక్టరు పేరెత్తితే ఆ రాత్రి నిద్ర లేదు అని రాశారు. మేముండేది అనంతపురంలో. మా అబ్బాయికి అదే వయసులో దాదాపు ఇలాగే జరిగింది, ఇప్పుడు వాడు హైస్కూల్లో ఉన్నాడు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీరు టెన్షన్ తగ్గించుకోండి. రెండు వరసల్లో పళ్ళు కనబడటం వింతేమీ కాదు, కింది ముందు పళ్ళు చాలామంది పిల్లలకు లోపలి వైపు నుంచే వస్తాయి. పాలపన్ను ఊగుతోంది కదా, అది చాలు. అది ఊడిపోయాక నాలుక తోపుడుకు కొత్తది మెల్లగా ముందుకు జరుగుతుంది. రెండు మూడు నెలలైనా పాతది కదలకుండా గట్టిగా కూర్చుంటేనే తీయించాల్సి రావచ్చు.

ఇక భయం సంగతి. పాపను పక్కన కూర్చోబెట్టుకుని "నీకు ఏమవుతుందని భయం?" అని అడగండి. అడిగి ఊరుకోండి, జవాబు మీరు అందించొద్దు, ఎంతసేపైనా పర్వాలేదు. పెద్దవాళ్ళందరికీ పిల్లల భయమంటే నొప్పే గుర్తొస్తుంది. మా వాడు చెప్పింది వేరే. వాళ్ళ జేజికి పళ్ళన్నీ పోయాయి, సంగటి, పప్పు తప్ప ఏదీ నమల్లేదు, శనక్కాయలు కూడా రోట్లో దంచుకునే తింటుంది. వాడి లెక్కలో పన్ను ఊగడమంటే ఇక వరసగా అన్నీ ఊడి జేజిలా అయిపోవడమే. దానికి తోడు నిద్రలో పన్ను ఊడి గొంతులో పడితే చచ్చిపోతానని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పడుకునేవాడు. "నొప్పి ఉండదు నాన్నా" అని ఎన్నిసార్లు చెబితే మాత్రం ఈ భయం ఎలా పోతుంది?

అందుకని వాడు అడిగినదానికే జవాబు చెప్పాం. పాలపళ్ళు 20, అన్నీ ఒకేసారి ఊడవు, ఆరేడేళ్ళకు మొదలై పన్నెండేళ్ళ దాకా ఒకటి పోతుంటే ఒకటి వస్తుంటుంది. జేజికి పోయినవి రెండోసారి వచ్చిన పళ్ళు, నీవి మొదటిసారివి. కొత్త పన్ను పైకొస్తూ వస్తూ పాలపన్ను వేరును కరిగించేస్తుంది, అందుకే అది వదులై ఊగుతుంది, చివరికి చిగురుకు కాస్త అంటుకుని ఉంటుంది అంతే. పొరపాటున మింగినా ఏమీ కాదు, దొడ్డికి వెళ్ళినప్పుడు పోతుంది. ఈ చివరి ముక్కకు పడీపడీ నవ్వాడు, ఆ రాత్రి చెయ్యి అడ్డం లేకుండా పడుకున్నాడు. మీకైతే మా కంటే సులువు, కొత్త పన్ను అప్పుడే కనబడుతోంది కాబట్టి పాప చేతికే చిన్న అద్దం ఇచ్చి చూసుకోమనండి.

ఇంట్లో పెద్దవాళ్ళతో మాత్రం గట్టిగా మాట్లాడాలి. "మాట వినకపోతే డాక్టరుతో సూది వేయిస్తా" అనే బెదిరింపు ఆ ఇంట్లో వినబడకూడదు, అన్నం తినిపించడానికి కూడా. తొర్రిపళ్ళు అని ఏడిపించడం ఆపమనండి, మనకు సరదాగా ఉంటుంది గానీ భయపడే పిల్లకు అది తగులుతుంది. దారం కట్టి లాగడం అసలు వద్దు, వేరు ఇంకా మిగిలి ఉంటే నొప్పి, నెత్తురు రెండూ ఎక్కువే. చేతులు కడుక్కుని పాపే వేలితోనో నాలుకతోనో కదుపుకుంటుంది, ఎప్పుడు ఊడాలో ఆ పిల్ల చేతిలోనే ఉందని తెలిస్తే సగం భయం అక్కడే పోతుంది. ఊడినప్పుడు శుభ్రమైన దూది మడిచి కాసేపు కొరికి పట్టుకోమంటే నెత్తురు ఆగుతుంది, మాటిమాటికీ పుక్కిలించి ఉమ్మనివ్వకండి. మా ఇంట్లో ఆ పన్నును పేడముద్దలో పెట్టి మిద్దె మీదికి విసరడం ఆచారం, జేజి దగ్గరుండి విసిరించింది, వాడికి అది పండగే.

డాక్టరు దగ్గరికి మొదటిసారి ఏ పనీ చేయించుకోకుండా తీసుకెళ్ళండి. ఫోన్ చేసి "ఊరికే చూపించడానికి వస్తున్నాం, పిల్ల బాగా భయపడుతుంది" అని ముందే చెప్పండి. పొద్దున పూట మంచిది, బడి నుంచి అలసిపోయి ఆకలితో వచ్చిన పిల్లను అప్పుడే తీసుకెళ్ళొద్దు. పిల్లల పళ్ళ డాక్టర్లు ముందు చెబుతారు, తర్వాత చూపిస్తారు, ఆ తర్వాతే చేస్తారు. మేము చూపించిన ఆవిడ ఆ గాలి గొట్టాన్ని ముందు మా వాడి అరచేతి మీద ఊదించింది, నోట్లో పెట్టే చిన్న అద్దాన్ని వాడి చేతికిచ్చి ఆవిడ పళ్ళు లెక్కపెట్టమంది. తర్వాత "నీకు ఆపాలనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తు, ఆపేస్తాను" అంది. వీడు నిజంగా ఆపుతుందో లేదో చూద్దామని ఏమీ కాకముందే చెయ్యెత్తాడు. ఆవిడ చేతిలోవన్నీ ట్రేలో పెట్టేసి వెనక్కి జరిగి కూర్చుంది. నన్నడిగితే వాడి భయం పోయింది ఆ క్షణంలోనే. ఇంకోసారి వెళ్ళినప్పుడు తిమ్మిరెక్కే జెల్ రాసి తీసింది, వేరు లేని ఆ పన్నును వాడికే చూపించింది.

ఒకవేళ ఇంజెక్షన్ అవసరమైతే అసలు తెలియదని అబద్ధం చెప్పకండి, కొంచెం చురుక్కుమంటుంది, తర్వాత మొద్దుబారుతుంది అని చెప్పండి. ఆ తిమ్మిరి దిగేదాకా కనిపెట్టుకుని ఉండాలి, పిల్లలు తెలియకుండా పెదవి కొరుక్కుని పుండు చేసుకుంటారు.

కొత్త పన్ను పాలపన్ను కంటే పసుపుగా, అంచు రంపంలా ఉంటుంది, అది మామూలే. మన వైపు ఇంకో సంగతి ఉంది. బోరు నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళలో పెరిగిన పిల్లలకు ఆ పళ్ళు తెల్లటి చారలతోనో గోధుమరంగు మచ్చలతోనో రావచ్చు. పన్ను లోపల తయారవుతున్నప్పుడే పట్టిన మచ్చ అది, పుచ్చు కాదు, బ్రష్‌తో రుద్దితే పోదు. పాపను పళ్ళు సరిగ్గా తోమలేదని తిట్టొద్దు, డాక్టరుకు చూపిస్తే చాలు.

ఇంకొకటి మర్చిపోకండి. ఇదే వయసులో పాలపళ్ళన్నిటికీ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే ఒక దవడ పన్ను వస్తుంది. అది జీవితాంతం ఉండాల్సింది, చాలామంది పాలపన్నే కదా అని పుచ్చిపోనిస్తారు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు దాన్ని కూడా చూడమని అడగండి. చిగురు వాచినా, చీము కనబడినా, జ్వరమొచ్చినా ఆగకుండా వెళ్ళండి. దగ్గర్లో పిల్లల పళ్ళ డాక్టరు దొరక్కపోతే కడప రిమ్స్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, కానీ ఊగుతున్న ఒక్క పన్ను కోసం అంత దూరం పరుగెత్తాల్సిన పని లేదు.