మధ్యయుగపు ఇంగ్లీషు రాతప్రతుల మీద పీహెచ్‌డీ చేస్తే కెరీర్ ఉంటుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఎం.ఏ. ఇంగ్లీషు చివరి సంవత్సరం, పాతకాలపు ఇంగ్లీషు కవి చాసర్ పాఠం మనసుకు పట్టింది, పాత రాతప్రతుల మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది, ఇంట్లోవాళ్లేమో "అది కూడు పెడుతుందా?" అంటున్నారు. నేను హైదరాబాద్‌లో ఎం.ఏ. చేసి, ఇంగ్లండ్ వెళ్లి అదే చదివాను. ఇప్పుడు అక్కడే ఒక లైబ్రరీలో పాత పత్రాలకు కేటలాగు రాస్తున్నాను. కాబట్టి కూడు పెడుతుంది. అయితే అది ప్రొఫెసర్ ఉద్యోగం రూపంలోనే రావాలని పట్టుబట్టి, ఏళ్ల తరబడి ఎటూ కాకుండా ఉండిపోయినవాళ్లను కూడా చూశాను.

ముందు ఆ పని ఏమిటో చెప్తాను. చాసర్ నచ్చడం వేరు, ఈ పని నచ్చడం వేరు. చాసర్ 1400లో పోయాడు. ఆయన పేరుమోసిన కావ్యం కాంటర్‌బరీ కథల్లో సొంత దస్తూరీ అని చెప్పదగ్గ పేజీ ఒక్కటీ మనకు దక్కలేదు. దక్కినవన్నీ వేరేవాళ్లు రాసిన నకళ్లే. చిరిగిన ముక్కలతో కలిపి అవి 80కి పైగా ఉన్నాయి. బాగా పేరున్నవి రెండు. హెంగ్‌వర్ట్ ప్రతి వేల్స్ జాతీయ గ్రంథాలయంలో ఉంది, ఎల్స్‌మియర్ ప్రతి కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ లైబ్రరీలో ఉంది. రెండూ ఒకే లేఖకుడు రాశాడని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. అయినా కథల వరస వేరు, అక్కడక్కడా మాటలూ వేరు. మరి చాసర్ రాసింది ఏది? మన బ్రౌన్ దొర వేమన పద్యాల ప్రతులు పోగుచేసి, ఒకదానితో ఒకటి పోల్చి చూసి 1829లో అచ్చు వేయించాడు కదా, ఇదీ ఆ బాపతు పనే.

పోల్చాలంటే ముందు చదవడం రావాలి. నా పరువు పోయింది అక్కడే. మొదటి నెలలో క్లాసులో 15వ శతాబ్దపు చిన్న ప్రేమగీతం ఫోటో ఒకటి ఇచ్చి, ఉన్నది ఉన్నట్టు ఎత్తిరాయమన్నారు. ఆ కాలపు రాతలో ఐ, ఎన్, యు, ఎమ్ అక్షరాలన్నీ ఒకే రకం పొట్టి నిలువు గీతలు. ఐకి ఒకటి, ఎన్‌కీ యుకీ రెండేసి, ఎమ్‌కి మూడు. ఆ గీత పేరు మినిమ్. ఆ పేరునే ఆ లిపిలో రాస్తే పది గీతలు కంచె కర్రల్లా వరసగా నిలబడతాయి. పైగా మాట మధ్యలో వి రావలసిన చోట కూడా యు అక్షరమే రాసేవారు. అంటే "లవ్" అన్న మాట ఎల్, ఓ, యు, ఇ అవుతుంది. నేను ఆ యుని ఎన్ అనుకుని "లోన్" అని చదివాను. ఒకచోట కాదు, పాట పొడుగునా. మా మేడమ్ కాగితం వెనక్కి ఇస్తూ "పాపం, ఇతను ఆ అమ్మాయికి చాలా బాకీ పడ్డట్టున్నాడే" అన్నారు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. రూముకొచ్చాక మాత్రం ఏడుపొచ్చింది.

మూడు నాలుగు నెలలకు కన్ను అలవాటుపడింది. తాళపత్రంలో మాటల మధ్య ఖాళీ లేకుండా గంటంతో గీసిన బారును పెద్దవాళ్లు గడగడా చదివేస్తారు చూడండి, అలాంటిదే ఇదీ. వాళ్లు ఒక్కో అక్షరం కూడబలుక్కోరు, రాబోయే మాట ముందే తెలుసు కాబట్టి అక్షరం కనబడుతుంది. భాష గట్టిగా రాకుండా లిపి ఒక్కటే నేర్చుకుందామంటే కుదరదు.

ఇక అసలు ప్రతిని ముట్టుకోవడం. బల్ల మీద ఫోమ్ దిండ్లు, వాటి మీద పుస్తకం, పేజీ కదలకుండా గుడ్డ గొట్టంలో సీసపు గుళ్లు పోసి కుట్టిన తాడు. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. సినిమాల్లో చూపించే తెల్ల గ్లవ్స్ మామూలుగా ఎవరూ తొడుక్కోరు. వేలికి స్పర్శ తెలియకపోతే ఆకు చిరిగే ప్రమాదం ఎక్కువ. చేతులు శుభ్రంగా కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుంటే చాలు. పార్చ్‌మెంట్ అంటే దూడదో గొర్రెదో చర్మం. వెంట్రుకలున్న వైపు కాస్త పసుపుగా, సన్నటి చుక్కలతో ఉంటుంది. మాంసం వైపు తెల్లగా ఉంటుంది. పుస్తకం తెరిస్తే సాధారణంగా పసుపు ఎదురుగా పసుపు, తెలుపు ఎదురుగా తెలుపు రావాలి. పసుపు ఎదురుగా తెలుపు వచ్చిందంటే అక్కడ ఒక ఆకు పోయిందేమో అని అనుమానించాలి. నాకు ఉద్యోగం వచ్చిన ఇంటర్వ్యూలో చాసర్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. దీని గురించే అడిగారు.

ఈ రంగంలో పెద్దవాళ్ల జీవితాలు చూసినా ఇదే కనిపిస్తుంది, దారి ప్రొఫెసర్ ఉద్యోగం ఒక్కటే కాదని. ఇయన్ డోయల్ డరమ్ యూనివర్సిటీ లైబ్రరీలో అరుదైన పుస్తకాలు చూసుకున్న లైబ్రేరియన్. ఎం.ఆర్. జేమ్స్ మామూలు పాఠకులకు దెయ్యం కథల రచయిత, మాకు మాత్రం కేంబ్రిడ్జ్ కాలేజీల రాతప్రతులకు ఒకదాని తర్వాత ఒకటిగా కేటలాగులు రాసిన మహానుభావుడు. 1893 నుంచి 1908 దాకా ఆయన ఫిట్జ్‌విలియం మ్యూజియం డైరెక్టరు. షికాగోలో జాన్ మాన్లీ, ఈడిత్ రికర్ట్ ప్రొఫెసర్లే గానీ, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం కోసం రహస్య సంకేతాలు ఛేదించే పనిలో ఉన్నారు. ఆ ఇద్దరూ 1924లో కాంటర్‌బరీ కథల ప్రతులన్నిటినీ పోల్చే పని మొదలుపెడితే 8 సంపుటాలు 1940లో బయటికొచ్చాయి. రికర్ట్ 1938లోనే పోయింది. మాన్లీ పుస్తకాలు అచ్చయిన ఏడాదే పోయాడు. ఈ సంగతి చెప్తే మా అమ్మ "ఇద్దరూ కలిసి, 16 ఏళ్లు, ఒక్క పుస్తకమా?" అంది.

అంత కష్టపడ్డా తేలుతుందన్న గ్యారంటీ కూడా లేదు. ఇందాక చెప్పిన ఆ రెండు ప్రతుల లేఖకుడిని 1978లో డోయల్, మాల్కమ్ పార్క్స్ కలిసి "లేఖకుడు బి" అని మాత్రమే పిలిచారు, ఎందుకంటే పేరు తెలియదు. 2004లో లిన్ మూనీ అనే పండితురాలు ఆ చేయి ఆడమ్ పింక్‌హర్స్ట్‌ది అని ప్రకటించారు. లండన్ లేఖకుల సంఘం పుస్తకంలో అతను రాసిన ప్రమాణంతో ఆ దస్తూరీ పోల్చారు. ఆడమ్ అనే లేఖకుడిని తప్పులు రాస్తున్నావని తిట్టిపోసిన చిట్టి పద్యం ఒకటి చాసర్ పేరున ఉంది కాబట్టి కథ భలే అతికింది. తర్వాత కొందరు పండితులు ఆ పోలికలు చాలవని గట్టిగా అడ్డం తిరిగారు. ఒక అక్షరం తోక ఎటు వంగింది అన్నదాని మీద ఇన్నేళ్ల తగువు మీకు సరదాగా అనిపిస్తే రండి. విసుగ్గా అనిపిస్తే చాసర్‌ను హాయిగా చదువుకోండి, రాతప్రతుల జోలికి రాకండి.

నా సంగతి. పీహెచ్‌డీకి నాలుగేళ్లు. తర్వాత ఒక యూనివర్సిటీలో తొమ్మిది నెలల కాంట్రాక్టు. సరిగ్గా తొమ్మిది నెలలే ఎందుకో వేసవి సెలవుల్లో జీతం ఆగాక అర్థమైంది. పైన వీసా టెన్షన్. ఇంటికొచ్చేసి రెండేళ్లు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కమ్యూనికేషన్ స్కిల్స్ చెప్పాను. చెడ్డ ఉద్యోగమేం కాదు, కానీ ఆ రెండేళ్లూ నా చదువు గురించి అడిగితే మాట మార్చేసేదాన్ని. రాత్రిళ్లు మాత్రం లాటిన్ దస్తావేజుల ఫోటోలు ముందేసుకుని చదవడం ప్రాక్టీసు చేశాను. చివరికి నన్ను గట్టెక్కించింది అదే.

కాబట్టి మీరు ఈ ఏడాదే లాటిన్ మొదలుపెట్టండి. ఇంగ్లీషు సాహిత్యానికి లాటిన్ ఎందుకని నేనూ అనుకున్నాను. ఆ కాలంలో లెక్కలు, కోర్టు కాగితాలు, చర్చి పుస్తకాలు ఎక్కువగా లాటిన్‌లోనే. టొరంటోలోని మధ్యయుగ అధ్యయన కేంద్రంలో అయితే లాటిన్ పరీక్ష గట్టెక్కనిదే డాక్టరేట్ లేదు. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బాపతే కదా మనలో చాలామంది. "రామః రామౌ రామాః" బట్టీ పట్టిన నోటికి లాటిన్ విభక్తులు కొత్తగా అనిపించవు. నా ఇంగ్లీషు క్లాస్‌మేట్లు కిందా మీదా పడుతుంటే నేను నిమ్మళంగా ఉన్న చోటు అదొక్కటే.

చదవడం ప్రాక్టీసుకు విమానం ఎక్కక్కర్లేదు. కేంబ్రిడ్జ్ పార్కర్ లైబ్రరీ ప్రతులు 2018 నుంచి ఆన్‌లైన్లో అందరికీ ఉచితం, ఎల్స్‌మియర్ ఫోటోలు కూడా దొరుకుతాయి. వీలైనవి డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగి, వాళ్లు ఆన్‌లైన్లో పెట్టిన రాతప్రతులన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. లింకులు మాత్రమే దాచుకున్నవాళ్లు నెలల తరబడి చేతులు ముడుచుకుని కూర్చున్నారు. ఇక డబ్బు. స్కాలర్‌షిప్ చేతికి రాకుండా, పొలమో ఇల్లో తాకట్టు పెట్టి మాత్రం ఈ చదువుకు వెళ్లకండి. వెళ్లే ముందు నెట్ పరీక్ష కూడా రాసి పాసై ఉంచుకోండి.

ఇప్పుడు నా బల్ల మీదికి వచ్చేవి కావ్యాలు కావు, 13, 14 శతాబ్దాల భూమి దస్తావేజులు. అరచేతి కంటే కాస్త పెద్ద తోలు ముక్క, కింద వేలాడే మైనపు ముద్ర. "ఇప్పుడున్నవారును ఇకముందు రాబోవువారును తెలిసికొందురు గాక" అని లాటిన్‌లో మొదలవుతుంది. కొన్నవాడు, వాడి వారసులు ఎలా అనుభవించాలో, పొలానికి అటూ ఇటూ ఎవరి భూములున్నాయో, చివర సాక్షులెవరో. మా నాన్న ముప్పై ఏళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు డాక్యుమెంట్ రైటరు. మొన్న ఫోన్లో ఒక దస్తావేజు ఆయనకు తెలుగు చేసి వినిపించాను. "పుత్ర పౌత్ర పారంపర్యంగా అని మనం రాసేదే" అంటూ తృప్తిగా విన్నారు. ఆ తర్వాత కాసేపు ఆగి, "తూర్పు చెప్పావు, పడమర చెప్పావు, ఉత్తరాన రాజుగారి బాట అన్నావు. దక్షిణం హద్దు ఏదమ్మా?" అని అడిగారు.

పత్రం మళ్లీ తీసి చూశాను. లేదు.