ఇల్లు రాసిచ్చాక కొడుకు చూడకపోతే?

ప్రశ్న: అరవై దాటిన అమ్మానాన్నలు ఇల్లు అన్నయ్యకు గిఫ్టు రిజిస్ట్రేషన్ చేశారు. ఇప్పుడాయన మందులకు కూడా డబ్బివ్వడు. కాలం మారిందని సరిపెట్టుకోవాలా?

జవాబు: అక్కర్లేదు. ఒకప్పుడు ఊరి పెద్దలు గడ్డి పెట్టేవారు; తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం వచ్చిన 2007 చట్టం ఆ పని ట్రిబ్యునల్‌కు (ఇలాంటి తగాదాలు తీర్చే అధికారిక సంస్థకు) అప్పగించింది. దానికి ఆర్డీఓ ఆఫీసులో అర్జీ ఇవ్వండి. వయసు రుజువు, దస్తావేజు నకలు జతచేయండి. నోటీసు అందిన 90 రోజుల్లో భరణం తేల్చాలి. చట్టం ప్రకారం గరిష్ఠం నెలకు 10,000 రూపాయలు.

ఇల్లు వెనక్కి రావడమే చిక్కు. దస్తావేజులో ‘పోషించాలి’ అన్న షరతుంటే అదే చట్టం 23వ సెక్షన్ కింద రద్దు కోరవచ్చు, లేకపోతే కేసు బలహీనపడుతుంది. కన్నకొడుకుతో షరతులేమిటన్న మొహమాటంతో చాలామంది ఆ ఒక్క వాక్యం రాయించరు. సలహాకు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి. అన్నట్టు, భరణంలో మిమ్మల్నీ వాటా ఇమ్మనవచ్చు.