'సయామీజ్ డ్రీమ్' ఇప్పుడు వింటే రొదలా ఎందుకుంది? ఆ గిటార్ మోత ఇంట్లో ఎందుకు రావడం లేదు?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. కాలేజీ రోజుల్లో ప్రాణంగా విన్న స్మాషింగ్ పంప్‌కిన్స్ ఆల్బమ్ 'సయామీజ్ డ్రీమ్'ని ఇన్నేళ్లకు ఫోన్లో పెడితే గిటార్లన్నీ కలిసి ముద్దలా వినిపిస్తున్నాయి, తప్పు 2011 రీమాస్టర్‌దా (పాత రికార్డింగ్‌కే ధ్వనిని కొత్తగా సరిచేసి విడుదల చేసినది), ఫోన్‌దా అన్నది ఒకటి. బిగ్ మఫ్ పెడల్ (గిటార్ శబ్దాన్ని 'ఫజ్' అనే గరుకు మోతగా మార్చే డబ్బా) కొని అన్నీ ఫుల్‌గా తిప్పినా ఆ మోత ఎందుకు రావడం లేదన్నది రెండోది. రెండింటికీ మూలం ఒకటే. ఆ ఆల్బమ్‌లో మనకు ఒక్క భారీ గిటార్‌లా అనిపించేది నిజానికి విడివిడిగా వాయించి ఒకదానిమీద ఒకటి పేర్చిన బోలెడు గిటార్లు. పొరలు విడిగా వినిపించకపోతే రొద, విడిగా వాయించకపోతే కూడా రొదే.

కాస్త నేపథ్యం. 1992 డిసెంబర్ నుంచి 1993 మార్చి దాకా అట్లాంటా శివారు మారియెట్టాలోని ట్రైక్లాప్స్ స్టూడియోలో రికార్డింగ్ జరిగింది. నిర్మాత బుచ్ విగ్, అంతకుముందు నిర్వాణ 'నెవర్‌మైండ్' చేసినాయనే. మిక్సింగ్ ఆలన్ మోల్డర్. విడుదల 1993 జూలై 27. మొత్తం అనలాగ్ టేప్ మీద చేశారు, కంప్యూటర్‌లో కత్తిరించి అతికించడం లేదు. గిటార్, బేస్ భాగాల్లో అత్యధికం బ్యాండ్ గాయకుడు, గిటారిస్ట్ బిల్లీ కోర్గన్ ఒక్కడే వాయించాడు. బ్యాండ్‌లో గొడవలకు ఇదీ ఒక కారణమే గానీ, ధ్వని పరంగా చూస్తే మేలే జరిగింది. ఒకే చేయి, ఒకే పిక్ విసురు కాబట్టి పొర మీద పొర ఎక్కడా జారకుండా కూర్చుంది. ఇద్దరు వాయించి ఉంటే ఇంత బిగువు కష్టం.

ఇక ఏ వెర్షన్ వినాలి? 1993 సీడీకి మాస్టరింగ్ (విడుదలకు ముందు ధ్వనికి ఇచ్చే చివరి మెరుగు) చేసింది హోవీ వైన్‌బర్గ్, 2011 రీఇష్యూకి బాబ్ లడ్విగ్. స్ట్రీమింగ్‌లో ఆల్బమ్ పేరు పక్కన 2011 అనో రీమాస్టర్ అనో ఉంటే అది రెండోది. పాత సీడీ దొరికితే రెండూ పోల్చండి, కానీ నేరుగా ఒకదాని తర్వాత ఒకటి వేసి తీర్పు చెప్పొద్దు. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా ఆ వెర్షనే బాగుందని చెవి మోసపోతుంది. రెండు ఫైళ్ల సగటు లౌడ్‌నెస్ కొలిచి, ఎక్కువున్నదాన్ని ఆ తేడా మేరకు తగ్గించి అప్పుడు వినండి. కంప్యూటర్‌లో పాటలు వినే ఫూబార్ సాఫ్ట్‌వేర్‌లో రీప్లేగెయిన్ స్కాన్ చేస్తే ఈ పని దానంతటదే అయిపోతుంది. నా అభిప్రాయం అడిగితే, రోజూ వినడానికి 1993 సీడీ. 2011ది పనికిరానిదేం కాదు, దాంతో వచ్చిన బోనస్ సీడీ, 1993 షికాగో మెట్రో కచేరీ డీవీడీ కోసమైనా కొనదగ్గదే. ఎల్‌పీ కొంటే రెండు డిస్కులున్నదే చూసుకోండి. ఆల్బమ్ నిడివి దాదాపు 62 నిమిషాలు. ఒక్క డిస్కులో ఇరికిస్తే వైపుకి 31 నిమిషాలు పడి, గాడులు సన్నబడి, శబ్దం నీరసపడుతుంది.

అయితే మీ రొదకు అసలు కారణం మాస్టరింగ్ కాకపోవచ్చు. ముందు ఫోన్ సంగతి చూడండి. స్పాటిఫైలో వాల్యూమ్ లెవెల్ 'లౌడ్' మీద ఉంటే మైనస్ 11 ఎల్‌యూఎఫ్‌ఎస్ (సగటు లౌడ్‌నెస్ కొలమానం) దాకా లేపడానికి లిమిటర్, అంటే శబ్దం శిఖరాల్ని నొక్కేసే సాధనం, పనిచేస్తుంది. 'నార్మల్' అంటే మైనస్ 14, అక్కడ పెట్టండి. ఫోన్ సెట్టింగ్స్‌లో డాల్బీ అట్మాస్, 3డీ సౌండ్ లాంటివి ఆపేయండి. కుడి ఎడమలకు సరిగ్గా తూచి పెట్టిన గిటార్లను అవి చెదరగొడతాయి. ఈక్వలైజర్ కూడా వద్దు. క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను తర్వాతి పాట మొదటితో కలిపేయడం) ఉంటే అదీ తీసేయండి, లేకపోతే 'చెరబ్ రాక్' మొదట్లో డ్రమ్మర్ జిమ్మీ చాంబర్లిన్ స్నేర్ డ్రమ్ మీద వేసే ఆ రోల్ సగం మింగేస్తుంది. ఒక్క ఇయర్‌బడ్ పెట్టుకుని వినే అలవాటుంటే ఈ ఆల్బమ్‌కి మాత్రం మానండి, సగం గిటార్లు అవతలి చెవిలో ఉన్నాయి.

పాత 128 కేబీపీఎస్ ఎంపీత్రీలు ఇంకా దాచుకుని ఉంటే వాటిని వదిలేయండి. సీడీలో దాదాపు 650 ఎంబీ ఉండే ఈ ఆల్బమ్ ఆ రేటులో 60 ఎంబీకి దిగుతుంది. వీణో, ఒంటరి గొంతో అయితే ఈ కుదింపును కొంత తట్టుకుంటుంది. ఫజ్ గిటార్, సింబల్స్ కలిస్తే మాత్రం స్పెక్ట్రమ్ కింద నుంచి పైదాకా నిండిపోతుంది. ఎంపీత్రీ తయారుచేసే ఎన్‌కోడర్‌కి బిట్లు చాలవు. హై హ్యాట్ సుడులు తిరుగుతున్నట్టు వినిపించడం దాని గుర్తు.

వాల్యూమ్ పెట్టడానికీ ఒక పద్ధతుంది. మెల్లగా మొదలయ్యే పాట దగ్గర కాకుండా, ముందు 'సోమా' పాట రెండో సగానికి జరిపి, అక్కడ హాయిగా ఉన్నంత పెట్టి, మొదటి పాటకు వెళ్లి ఇక ముట్టుకోవద్దు. చాలామంది నెమ్మది భాగం దగ్గర పెంచేసి, గిటార్లు విరుచుకుపడ్డాక చెవులు పోయి రొద అంటారు. ఆ 'సోమా'లో దాదాపు 40 గిటార్ భాగాలు పేర్చారని చెబుతారు. మొదటి సగంలో మెత్తగా వినిపించే పియానో ఆర్‌ఈఎం బ్యాండ్ మైక్ మిల్స్‌ది. దాన్ని పట్టుకోగలిగితే మీ ఏర్పాటు సరిగ్గా ఉన్నట్టే.

పొరలు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలుసుకోవాలంటే ఈ చిన్న ప్రయోగం చేయండి. సీడీ నుంచి తీసిన వేవ్ గానీ ఫ్లాక్ గానీ ఫైల్‌ని ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, స్టీరియో ట్రాక్‌ని రెండు మోనో ట్రాక్‌లుగా విడగొట్టండి. రెండింటినీ 6 డెసిబెల్స్ తగ్గించండి, లేకపోతే కలిసినప్పుడు క్లిప్ అవుతుంది, అంటే హద్దు దాటి శబ్దం పగులుతుంది. ఒకదాన్ని మాత్రం 'ఇన్వర్ట్' (తరంగాన్ని తలకిందులు) చేసి ప్లే చేయండి. రెండు చానళ్లలో సమానంగా ఉన్నవన్నీ, అంటే గొంతు, కిక్, స్నేర్, బేస్ చాలావరకు రద్దయిపోతాయి. మిగిలేది అంచుల్లో ఉన్న గిటార్లు, సింబల్స్, గొంతుకు వేసిన రివర్బ్ తోక. 'చెరబ్ రాక్', 'రాకెట్' ఇలా వినండి. మామూలుగా వింటే ఒకటే అనిపించిన రిఫ్ రెండు మూడు వేరువేరు భాగాలుగా విడిపోతుంది. మళ్లీ మామూలు మిక్స్‌కి వస్తే చెవి వాటిని తనంతట తనే వెతుక్కుంటుంది. ఎంపీత్రీతో చేస్తే కుదింపు చెత్త కూడా పైకి తేలుతుంది, వద్దు. 'చెరబ్ రాక్' సోలో దగ్గర గాలి మెలితిరిగినట్టుండే శబ్దం పెడల్‌ది కాదు. ఒకే సోలోని రెండు టేప్ మెషీన్ల మీద నడిపి, వేగాన్ని కాస్త అటూ ఇటూ లాగితే వచ్చిన టేప్ ఫ్లాంజింగ్.

ఇక గిటార్ సంగతి. కోర్గన్ వాడింది ప్రధానంగా లేస్ సెన్సర్ పికప్స్ (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చేవి) ఉన్న స్ట్రాటోకాస్టర్, మార్షల్ జేసీఎం800 ఆంప్, 1970ల చివరినాటి ఆప్ ఆంప్ బిగ్ మఫ్. మామూలు బిగ్ మఫ్‌లు ట్రాన్సిస్టర్లతో ఉంటాయి, ఇది ఐసీలతో (ఆప్ ఆంప్ చిప్‌లతో). అందుకే కాస్త గరుకుగా, ముందుకు తోసుకొచ్చినట్టుంటుంది. ఎలక్ట్రో హార్మోనిక్స్ దీన్ని 2017లో చిన్న డబ్బాలో మళ్లీ తెచ్చింది, టోన్ బైపాస్ స్విచ్‌తో సహా. మీ దగ్గరున్నది వేరే మఫ్ అయినా పని జరుగుతుంది. పెడల్ మీద సస్టెయిన్ నాబ్‌ని ఫుల్ నుంచి 60 శాతం దగ్గరికి దించండి. మఫ్ మధ్యస్థ ధ్వనుల్ని తవ్వేస్తుంది కాబట్టి ఆంప్‌లో మిడ్స్ పెంచి ఆ గుంత పూడ్చాలి. బేస్, ట్రెబుల్ పెంచితే గుంత ఇంకా లోతవుతుంది. పెడల్‌ని నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్‌కి కలిపితే మిక్సీ జార్ తిరిగినట్టే ఉంటుంది. స్పీకర్ క్యాబినెట్ సిమ్యులేషన్ (ఆంప్ స్పీకర్ పెట్టె ధ్వనికి అనుకరణ) తప్పనిసరి.

ఫజ్ మీద నిండు కార్డులు వాయించకండి. అసలు కిటుకు ఇదే. రెండు స్వరాలు డిస్టార్షన్ గుండా వెళ్తే వాటి మొత్తం, తేడా ఫ్రీక్వెన్సీలు కొత్తగా పుడతాయి. ఆక్టేవ్ (అదే స్వరం కింది స్థాయిలో, పై స్థాయిలో) అయితే అవన్నీ ఆ స్వరానికి సంబంధించినవే కాబట్టి శుభ్రంగా ఉంటుంది, ఫిఫ్త్ (స-ప) కూడా ఫర్వాలేదు. థర్డ్ (స-గ) చేరిందా, సంబంధం లేని స్వరాలు కింద గుర్రుమంటాయి. అందుకే ఈ ఆల్బమ్‌లో అన్ని ఆక్టేవ్‌లు. వాటిని పట్టేటప్పుడు మధ్య తీగని చూపుడువేలి కొసతో తాకించి మూసేయాలి. కార్డులో థర్డ్ కావాలంటే దాన్ని వేరే ట్రాక్‌లో విడిగా వాయించండి. రెండూ ఒకే ఫజ్ గుండా వెళ్లవు కాబట్టి గొడవ లేదు.

రికార్డింగ్‌కి నాలుగు ట్రాక్‌లు చాలు. ప్రధాన రిఫ్ రెండుసార్లు నిజంగా వాయించి పూర్తిగా ఎడమకొకటి, కుడికొకటి. ఆక్టేవ్‌లు ఇంకో రెండు, సగం దూరంలో అటూ ఇటూ. ఒక టేక్‌నే కాపీ చేసి రెండువైపులా పెడితే అది మధ్యలో పెద్దగా వినిపించే మోనో, అంతే. కాపీని 15 మిల్లీసెకన్లు జరిపితే వెడల్పొచ్చినట్టే ఉంటుంది గానీ, ఫోన్ స్పీకర్లో మోనో అయ్యేసరికి బోలుగా మారుతుంది. ప్రతి టేక్‌కి ముందు ట్యూన్ చేయండి, పికప్ మార్చండి, పీక్స్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆపండి. 90 హెర్ట్జ్ కింద కోసేసి ఆ జాగా బేస్‌కి వదలండి. ట్రాక్‌ల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ బుస్సు శబ్దం 3 డెసిబెల్స్ పెరుగుతుంది, కాబట్టి వాయించని చోట్లన్నీ కత్తిరించేయాలి.

హమ్ వస్తుంటే, తీగ మీద చేయి పెట్టగానే తగ్గుతోందేమో చూడండి. తగ్గితే ముందుగా ప్లగ్ పాయింట్‌కి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడుస్తుంటే రికార్డింగ్ ఆపేయడమే మేలు. పెడల్ అమెరికా నుంచి తెప్పించుకుని ఉంటే అడాప్టర్ మీద 100–240 వోల్ట్స్ అని ఉందో లేదో చూడండి. ఒట్టి 120 అని ఉంటే ఇక్కడి 230కి కాలిపోతుంది.

చివరగా, ఇదే ఆల్బమ్‌లోని 'మేయొనైజ్' పాట కూడా వాయిస్తానన్నారు. అది మామూలు ట్యూనింగ్‌లో కుదరదు. ఆరో తీగ నుంచి ఒకటో తీగకు: ఈ ఫ్లాట్, బీ ఫ్లాట్, బీ ఫ్లాట్, జీ ఫ్లాట్, బీ ఫ్లాట్, డీ. ఐదో తీగని అర స్వరం పెంచాలి, నాలుగోదాన్ని దానితో సమానమయ్యేదాకా నాలుగు అర స్వరాలు దించాలి. 9 సెట్‌లో (సన్న తీగల సెట్) ఆ నాలుగో తీగ వదులై ఫ్రెట్ల మీద గిరగిరలాడుతుంది, అక్కడ ఒక్క తీగ మాత్రం మందంది వేసుకోండి. పాటలో ఆగినచోటల్లా వినిపించే ఈల కోర్గన్ వాడిన చవక గిటార్‌ది, వాయించడం ఆపగానే కూసేది. మైనంలో ముంచని చవక పికప్‌లకు ఆ గుణం ఉంటుంది. మీ గిటార్ మంచిదైతే ఆ ఈల రాదు. ఆంప్‌కి దగ్గరగా జరిగి, గెయిన్ కొంచెం పెంచి ఆ ఒక్క ట్రాక్‌ని విడిగా తీసుకోండి.