ఆకులొస్తున్నాయి, కూజాలు రావడం లేదు!

ప్రశ్న: నెపెంథిస్ రకం పిచర్ ప్లాంట్ (ఆకు కొసన కూజాలు కట్టి, వాటిలో పురుగుల్ని పట్టి తినే మొక్క) తెచ్చి హాల్లో పెట్టాం. ఉన్న కూజాలు ఎండిపోయాయి, కొత్త ఆకులు వస్తున్నా వాటికి కూజాలు కట్టడం లేదు. రోజూ చీమల్ని పట్టి వేశాం కూడా. మట్టిలో ఎరువు వేయమంటారా?

జవాబు: ఎరువు జోలికి అస్సలు వెళ్లకండి. సారం లేని నేలల్లో పెరిగే మొక్క కాబట్టే అది పురుగుల్ని పట్టడం నేర్చుకుంది, మట్టిలో ఎరువు పడితే వేళ్లు మాడిపోతాయి. మామూలు తోటమట్టిలో ఉంటే ముందు దాన్ని తీసేసి, స్ఫాగ్నమ్ మాస్ (తేమను పట్టి ఉంచే ఒక రకం నాచు), పెర్లైట్ (తేలికైన తెల్లటి గుల్ల రాళ్లు) కలిపి అందులోకి మార్చండి. నీళ్లు వాననీళ్లో, ఆర్వో నీళ్లో అయితేనే మంచిది, ఎందుకంటే కుళాయి, బోరు నీళ్లలోని లవణాలు కుండీలో పేరుకుపోతాయి.

పాత కూజాలు ఎండిపోవడం మామూలే, దానికి టెన్షన్ వద్దు. కొత్త ఆకు కొసన తీగ సాగి, దాని చివర చిన్న మొగ్గలాంటిది కనబడుతుందేమో చూడండి. అది ఉబ్బకుండానే నల్లబడి ఎండిపోతుంటే చాలావరకు గాల్లో తేమ చాలనట్టే, లేదంటే వెలుతురు తక్కువ. హాల్లో మూల నుంచి తీసి వెలుతురు బాగా వచ్చే కిటికీ దగ్గర పెట్టండి, మిట్టమధ్యాహ్నం ఎండ మాత్రం నేరుగా తగలకూడదు. మాస్ తడిగా ఉండాలి గానీ కుండీ నీళ్లలో నానకూడదు. ఎప్పుడూ నీళ్ల పళ్లెంలో ఉంచేది సర్రసీనియా అనే మరో రకం పిచర్ ప్లాంట్‌ని, దీన్ని కాదు.

చీమల వేట ఇక ఆపేయొచ్చు, కూజాలు వచ్చాక అప్పుడప్పుడు ఒక చిన్న పురుగు చాలు. మాంసం ముక్కలు వేస్తే కూజా కుళ్లిపోతుంది, కంపు మీకే!