పలాస నుంచి వచ్చిన బొమ్మకు జవాబు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ బడి లిఖిత పత్రిక అందింది. నీ కథ చదివి నాకు కోపం వచ్చింది; పక్కనే నీవు వేసిన బొమ్మ చూశాక ఆ కోపం రెట్టింపయింది. కథలో అమ్మ చేతులు పద్మాల వలె సుకుమారమైనవని రాశావు. బొమ్మలో మాత్రం, జీడిపిక్కలు కొడుతున్న ఆ తల్లి బొటనవేలూ చూపుడువేలూ నల్లబడి, గోళ్ల చుట్టూ చర్మం లేచిపోయి ఉన్నాయి. పక్కన చిప్పలో బూడిద కూడా వేశావు. పిక్క పెంకులోని జీడి చర్మాన్ని కాలుస్తుందనీ, అందుకే వేళ్లకు బూడిద అద్దుకుంటారనీ నీకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇంత చూసినదానివి, ఆ పద్మాలను ఎక్కడినుంచి తెచ్చావు?

తప్పంతా నీది కాదు. ఒకసారి సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్లో చిత్రలేఖన పోటీకి న్యాయనిర్ణేతగా వెళ్లాను. పిల్లలు దాదాపు అందరూ రెండు కొండల నడుమ సూర్యుణ్ణే వేశారు. తన ఇంటి ముందున్న తెప్పను వేసినవాడు ఒక్కడే. ఆ తెప్ప వంకరగా ఉందని వాడికి బహుమతి ఇవ్వనివ్వలేదు. ఎంత వాదించినా తక్కిన ఇద్దరూ వినలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ తీరలేదు.

నా తొలి కథలో పిల్లలు అరుగు మీద చింతపిక్కలతో ఆడుకుంటారు. ఒక వారపత్రిక సంపాదకుడు నన్ను అడగకుండానే వాటిని చింతగింజలు చేశాడు. అచ్చులో చూసుకుంటే ఆ పిల్లలు మా వీధి వాళ్లు కారనిపించింది. ‘గింజ’ తప్పు మాట కాదు, కానీ మా అమ్మ నోట నేను ఏనాడూ వినని మాట. ఆ తరువాత రెండేళ్లు నేనే అతనికంటే ముందుగా నా మాటలను కొట్టేసుకుంటూ రాశాను. ఆ కథలలో ఒక్కటీ నా దగ్గర దాచుకోలేదు.

రాజమండ్రి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే, దామెర్ల రామారావు చేతిలోని ప్రతిభను చిన్ననాడే గుర్తించి, అతను బొంబాయి వెళ్లి చిత్రకళ నేర్చుకొనేలా ప్రోత్సహించాడు. రామారావు 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయాడు. ఆ కొద్ది కాలంలోనే అతను వేసిన తెలుగు స్త్రీలు, వాళ్ల చీరకట్టు, కూర్చునే తీరు నేటికీ రాజమండ్రి చిత్రశాలలో కనిపిస్తాయి. వీలైతే మీ మాస్టారిని అడిగి ఒకసారి వెళ్లి చూసి రా.

కలం పేరు గురించీ, ఏ పత్రికకు పంపాలన్నదాని గురించీ అడిగావు. వాటి సంగతి తరువాత. నీ పుటను దీనితో తిప్పి పంపుతున్నాను. బొమ్మను ముట్టుకోకు. కథను మళ్లీ రాసి, అమ్మ పని నుంచి వచ్చాక ఆమెకు చదివి వినిపించు. ఆమె ఎక్కడ ఆపి “అలా కాదే” అంటుందో అక్కడ ఆమె అన్న మాటనే రాసుకొని, ఆ ప్రతిని నాకు పంపు.