క్లచ్ మీద కాలు కుదరాలంటే

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

లైసెన్సు వచ్చినా బండి కదిలించిన ప్రతిసారీ కుదుపుతోందనీ, సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగిపోతే వెనక హారన్లకు కంగారు పుడుతోందనీ రాశావు. ఇందులో నీ లోపం తక్కువమ్మా. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవారి కాళ్ల దగ్గర కూడా క్లచ్, బ్రేకు పెడళ్లు ఉంటాయి; నీవు తడబడినప్పుడల్లా ఆయనే తొక్కి సర్దేస్తే, నీ కాలికి ఆ పని ఎలా అలవాటవుతుంది?

ఆదివారం పొద్దున్నే చదునైన ఖాళీ మైదానానికి వెళ్లు. నిన్ను తొందరపెట్టని వారినే పక్కన కూర్చోబెట్టుకో. పలుచని అడుగున్న బూట్లు వేసుకుని, క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగి ఉండేలా సీటు జరుపుకో. ఆపైన మొదటి గేరు వేసి, యాక్సిలరేటర్ జోలికి పోకుండా, క్లచ్‌ను వీలైనంత నెమ్మదిగా వదులు. ఒకచోట ఇంజన్ శబ్దం బరువెక్కుతుంది, స్టీరింగ్‌లో సన్నని వణుకు తెలుస్తుంది. ఇంజన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్ అనే బరువైన చక్రానికి, ఆ తిరుగుడును బండి చక్రాల వైపు అందించే క్లచ్ ప్లేటు ఆనడం మొదలయ్యేది అక్కడే. చాలామంది బండి కదలగానే కాలు తీసేస్తారు, కుదుపు పుట్టేది అందువల్లే. ప్లేటు, ఫ్లైవీల్ ఒకే వేగానికి వచ్చేదాకా, అంటే ఒకటి రెండు సెకన్లపాటు, పాదాన్ని అక్కడే నిలిపి, బండి సాఫీగా సాగాక మిగతాది వదలాలి. ఈ ఒక్కటి కాలికి పట్టేదాకా రెండో గేరు గురించి ఆలోచించనే వద్దు.

తొక్కడం మాత్రం వేగంగా, అడుగంటా తొక్కాలి. గేరు మార్చాక పాదాన్ని పెడల్ మీద ఉంచకు. ఆ కొద్ది బరువుకే బేరింగు, ప్లేటు అరిగిపోతాయి.

ఫ్లైఓవర్ ఎక్కేచోట ట్రాఫిక్ ఆగితే హాఫ్ క్లచ్‌తో, అంటే క్లచ్‌ను సగమే వదిలి, బండిని నిలబెట్టకు, ప్లేటు వేడెక్కి కాలిన వాసన వస్తుంది. హ్యాండ్ బ్రేకు లాగి ఉంచు. కదలాల్సినప్పుడు కొంచెం యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్‌ను ఆ ఆనే చోటికి తీసుకురా. బండి వెనకభాగం కాస్త కుంగినట్టు అనిపించగానే హ్యాండ్ బ్రేకు దించితే వెనక్కి జారదు.

తిరుమల ఘాట్ రోడ్డు మాట అడిగావు. ఇవన్నీ కుదిరాకే వెళ్లు. దిగేటప్పుడు క్లచ్ తొక్కిపట్టి గాని, న్యూట్రల్‌లో గాని బండిని వదలకు. ఇంజన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. రెండో గేరులో, క్లచ్ పూర్తిగా వదిలి, నిదానంగా దిగు.

ఇట్లు,
పెదనాన్న