చెరువు పూడుస్తున్నారు: తాతయ్య అర్జీ అంటున్నారు, తమ్ముడు ధర్నా అంటున్నాడు

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురంలో తెలుగు నేతవారు ఎక్కువగా ఉండే వీధి. వీధి చివర ఉన్న చెరువును 1970లలో ఒకసారి పూడ్చబోతే మా తాతయ్య, ఆయన స్నేహితులు సంఘం పెట్టి, రిజిస్టరు చేయించి, అర్జీల మీద అర్జీలు పెట్టి ఆపించారు. ఇప్పుడు మగ్గాలు పోయి అపార్టుమెంట్లు వస్తున్నాయి. రెండు నెలలుగా రాత్రిళ్లు టిప్పర్లతో మట్టి తెచ్చి చెరువులో పోస్తున్నారు. 82 ఏళ్ల తాతయ్య మళ్లీ అర్జీ పెడదామంటారు. తమ్ముడూ వాడి స్నేహితులూ రోడ్డు మీద బైఠాయిస్తామంటున్నారు, బిల్డరు పేరు, కార్పొరేటరు పేరు పెట్టి ఫేస్‌బుక్‌లో రాస్తున్నారు. కేసు పడితే కొడుక్కి ఉద్యోగం రాదని నాన్న భయం. పాత సంఘం అధ్యక్షుడు చనిపోయారు, ఏళ్ల తరబడి సమావేశమే జరగలేదు. ఎవరు, ఎక్కడ, ఏ భాషలో ఫిర్యాదు చేయాలి? (ఒక పాఠకురాలు, బరంపురం)

జవాబు: మీ ఇంట్లో ముగ్గురూ మూడు మాటలు చెబుతున్నారు సరే, మొదటి టిప్పరు ఏ రాత్రి వచ్చిందో ఎవరైనా రాసి పెట్టారా అమ్మా? నేను ముందు అడిగేది అదే. ఇలాంటి పూడిక మీద, పర్యావరణ వివాదాలు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే, 2010 నాటి ఆ చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం వివాదానికి కారణం మొదట తలెత్తిన రోజు నుంచి 6 నెలలే గడువు. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇస్తారు. ఆపైన దయతలచే అధికారం ట్రిబ్యునల్‌కు లేదు. చెరువును పూర్వస్థితికి తెమ్మని 15వ సెక్షన్ కింద అడగడానికి 5 ఏళ్లు ఉన్నాయి గానీ, అప్పటికి అక్కడ ఐదంతస్తులు లేచి ఉంటాయి. అర్జీ పెట్టి జవాబు కోసం కూర్చుంటే ఈ గడువు ఆగదు. మీకు రెండు నెలలు అప్పుడే పోయాయి.

ఇక కేసుకు ప్రాణం రెవెన్యూ రికార్డు. ప్లాటు నంబరు తెలుసుకుని భూలేఖ్ (ఒడిశా భూరికార్డుల వెబ్‌సైటు)లో హక్కుల పత్రం తీయండి. ఖాతా దగ్గర ‘సర్వసాధారణ’ (అందరి ఉమ్మడిది) అనో ‘రక్షిత’ అనో, కిసమ్ (నేల రకం) దగ్గర ‘జలాశయ’ అనో ఉంటే సగం పని అయినట్టే. అక్కడితో ఆగకండి. ఇప్పటి ‘హాల్’ రికార్డుతో పాటు పాత సెటిల్‌మెంటు నాటి ‘సాబిక్’ రికార్డు ధ్రువీకృత నకలు కూడా సంపాదించండి. పాతదానిలో జలాశయమై కొత్తదానిలో ఇంకేదో అయి ఉంటే, ఎవరి ఉత్తర్వుతో, ఏ కేసు నంబరుతో మారిందో బయటికి లాగాలి. ‘చెరువు ఎప్పుడో ఎండిపోయింది, అదిప్పుడు మామూలు నేల’ అని అవతలివారు తప్పక అంటారు. ఆ వాదన 2001లోనే హించ్‌లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టులో వీగిపోయింది: చెరువుగా నమోదైన భూమిని, కొంత భాగం చదునైపోయిందన్న సాకుతో ఇళ్లకు కేటాయించడం కుదరదని కోర్టు చెప్పింది. రికార్డు ప్రైవేటు పేరు మీద ఉంటే మాత్రం దారి కష్టం. అప్పుడు బరంపురం డెవలప్‌మెంట్ అథారిటీ ఇచ్చిన ప్లాను అనుమతి, వాననీరు పోయే దారి మూసుకుపోవడం, వీటి మీద పోరాడాలి.

ఈ కాగితాల కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు, ఎందుకు కావాలో చెప్పనక్కరలేదు. ఆ హక్కు పౌరులది కాబట్టి సంఘం పేరుతో కాక మీ సొంత పేరుతో పెట్టండి. భాష విషయంలో జాగ్రత్త: ఈ దరఖాస్తు ఇంగ్లీషులోనో, హిందీలోనో, స్థానిక అధికార భాష అయిన ఒడియాలోనో ఉండాలి. కలెక్టరుకో తహసీల్దారుకో కష్టం చెప్పుకునే అర్జీ అలా కాదు. రాజ్యాంగం 350వ అధికరణ ప్రకారం దేశంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వవచ్చు. తాతయ్య తన అర్జీని నిక్షేపంగా తెలుగులోనే రాయవచ్చు. ఒడియా అనువాదం జత చేయడం లౌక్యం, అంతే.

పాత సంఘం గురించి. ఏటా ఇవ్వాల్సిన కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకు ఇవ్వనంత మాత్రాన 1860 నాటి సొసైటీల చట్టం కింద నమోదైన సంఘం దానంతటదే రద్దయిపోదు. రద్దు చేసుకోవాలంటే సభ్యుల్లో ఐదింట మూడు వంతుల మంది తీర్మానించాలి. మిగిలిన సభ్యులను పిలిచి, కుర్రవాళ్లను చేర్చుకుని, కొత్త కార్యవర్గాన్ని ఎన్నుకుని జాబితా దాఖలు చేయండి. యాభై ఏళ్ల నాటి పేరున్న సంఘాన్ని వదిలి ‘యూత్’ అన్న మాట తగిలించి కొత్తది పెట్టాలని మీ తమ్ముడికి సరదాగా ఉండవచ్చు, నేను మాత్రం వద్దంటాను. ఆ పాత రిజిస్ట్రేషన్ పత్రమే చెరువు అప్పటికే ఊరి ఉమ్మడి అవసరమని చెప్పే సాక్ష్యం. సంఘం లేచి నిలబడే దాకా మాత్రం ఆగవద్దు. ట్రిబ్యునల్‌లో నష్టపోయిన వ్యక్తి స్వయంగా దరఖాస్తు చేయవచ్చు. నష్టపరిహారం అడగకపోతే రుసుము 1000 రూపాయలు. ఒడిశా కేసులు కోల్‌కతాలోని తూర్పు మండల బెంచికి వెళతాయి. అక్కడ ముందుగా అడగవలసింది పూడిక ఆపమనే మధ్యంతర ఉత్తర్వు.

తాతయ్య పెట్టెలోని కాగితాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కార్యాలయం ముద్ర పడిన అర్జీ నకళ్లు, రసీదులు, సభల ఫొటోలు ఉంటాయి. 30 ఏళ్లు దాటిన పత్రం ఉండవలసిన చోటు నుంచి వస్తే, దాని మీది సంతకం, రాత సంబంధిత వ్యక్తివేనని కోర్టు భావించవచ్చు (భారతీయ సాక్ష్య అధినియమం, 92వ సెక్షన్). అందుకే అసలు కాగితాలను కుర్రవాళ్లు వీధివీధికీ పట్టుకు తిరగకూడదు. దయచేసి లామినేషన్ చేయించవద్దు. ముద్రను, సిరాను పరీక్షించే వీలు పోతుంది. జిరాక్సులు తీసి పెట్టెను తాతయ్య దగ్గరే ఉంచండి. ఆయన కోర్టు మెట్లెక్కలేకపోతే, సివిల్ కోర్టు కమిషనర్‌ను నియమించి ఇంటి వద్దే వాంగ్మూలం నమోదు చేయించగలదు.

తమ్ముడి ఫోనులోని టిప్పర్ల వీడియోలు కూడా అంతే విలువైనవి, ఒక షరతు మీద. ఆ సాక్ష్య అధినియమమే 63వ సెక్షన్ కింద హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే గుర్తుతో) కూడిన ధ్రువపత్రం జత చేయాలి. కాబట్టి తీసిన ఫోనును మార్చవద్దు, అసలు ఫైలును తుడిచేయవద్దు. వాట్సాప్‌లో చేతులు మారిన నకలుకు ఆ బలం ఉండదు.

ఫేస్‌బుక్ రాతల్లో ‘దొంగ’, ‘లంచగొండి’ లాంటి మాటలు ఈ రాత్రికే తీసేయమనండి. పరువునష్టం నేరానికి భారతీయ న్యాయ సంహితలో 2 ఏళ్ల వరకు శిక్ష ఉంది. అధికారికి సదుద్దేశంతో చేసిన ఫిర్యాదుకు మినహాయింపు ఉంది, తిట్టుకు లేదు. హక్కుల పత్రం ఫొటో పెట్టి పక్కన చెరువు ఫొటో పెడితే చాలు, చదివేవాళ్లకు అర్థమవుతుంది.

ధర్నా శాంతియుతంగా, అనుమతి తీసుకుని, రోడ్డుకు అడ్డం కాకుండా చేసుకోవచ్చు. నాన్నగారి భయం పూర్తిగా ఉత్తిది కాదు. అయితే 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చిన్న వయసులో నినాదాలు చేసినటువంటి స్వల్ప కేసులను దాచిపెట్టినా చూసీచూడనట్టు వదిలే విచక్షణ ఉద్యోగమిచ్చే సంస్థకు ఉందని అన్నది. అయినా ఉద్యోగంలో చేరేటప్పటి ధ్రువీకరణ ఫారంలో అడిగితే ఉన్న కేసును దాచవద్దు. కేసు కంటే దాచడమే ఎక్కువ ముప్పు. తాతయ్య వయసు చట్టం దృష్టిలో కవచం: 60 దాటిన పురుషుణ్ణి సాక్షిగా పోలీసులు ఇంటి దగ్గరే ప్రశ్నించాలి, స్టేషనుకు రమ్మని ఒత్తిడి చేయకూడదు.

ఇంకో దారి సబ్‌కలెక్టరు దగ్గర ఉంది. పూడిక వల్ల మురుగు నిలిచి వీధిలోకి వస్తుంటే, నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద తొలగించమని ఉత్తర్వు కోరవచ్చు. ఇది పాత సీఆర్‌పీసీలోని 133వ సెక్షనే. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో ఒక వార్డు జనం దీనితోనే మున్సిపాలిటీ మీద గెలిచారు. డబ్బు లేదన్న మున్సిపాలిటీ మాటను 1980లో సుప్రీంకోర్టు చెల్లనివ్వలేదు.

ఖర్చు సంగతి మీరు అడగలేదు గానీ చెబుతాను. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో పని లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం ఉంది. అందుచేత దరఖాస్తుదారుగా మీరే సంతకం చేయండి, తాతయ్యను సాక్షిగా పెట్టండి. బరంపురంలోని జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవల సంస్థ వారిని కలిసేటప్పుడు ఆధార్, హక్కుల పత్రం నకలు, మొదటి టిప్పరు వచ్చిన తేదీ రాసిన కాగితం వెంట ఉంచుకోండి.